ముందురోజు సీను

ఆ కథ ఐదోసారి బుధవారం పొద్దున ఏడున్నరకు వచ్చింది.

ఎబినేజర్ అప్పుడే టీ గ్లాసు పట్టుకున్నాడు. ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి స్నేహలత పంపిన ఈ వారం చార్ట్. శనివారం సాయంత్రం ఏడు గంటలు, 'మూడో పోర్షన్', ఎపిసోడ్ రెండు వందల యాభై ఎనిమిది. కథ అన్న గడిలో రెండే మాటలున్నాయి. నిలబడ్డ పెళ్లికొడుకు.

తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

'మూడో పోర్షన్' ఒకే ఇంట్లో అద్దెకుండే మూడు కుటుంబాల కామెడీ. వారానికొకటి, ఇరవై రెండు నిమిషాలు. ఐదేళ్లుగా దాన్ని రాస్తున్నది ఎబినేజరే. మెదక్‌లో, చర్చి వెనక వీధిలో, రెండు గదుల ఇంట్లో కూర్చుని రాస్తాడు. కథలు మాత్రం అతను ఎంచుకోడు. చానెల్ వాళ్ల దగ్గర నలభై కథల జాబితా ఉంది. మరచిపోయిన పుట్టినరోజు. భోజనానికొచ్చిన ఆఫీసర్. తారుమారైన మందుల చీటీ. ఏడాది దాటగానే ఒక్కొక్కటీ చోటు మార్చుకుని, కారణం మార్చుకుని మళ్లీ వస్తుంది. ఆ నలభైలో ముప్పై తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియదు. నలభయ్యోది ఈ ఇంట్లోంచి వెళ్లింది.

ఎనిమిదేళ్ల క్రితం అతని అక్క ఫేబకు గాబ్రియేలుతో పెళ్లి కుదిరింది. వాళ్ల చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ఆరాధన మధ్యలో అయ్యగారు ఇద్దరి పేర్లూ చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఎవరూ చెప్పరు. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. మూడో ఆదివారం అయ్యగారు అడిగి, చీటీ మడవబోతుంటే మగవాళ్ల వైపు నాలుగో బెంచీలోంచి ఒక మనిషి లేచాడు. గాబ్రియేలే. పెళ్లికొడుకే.

"నాదే అభ్యంతరం అయ్యగారూ," అన్నాడు. పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. ఫేబ ఆకుపచ్చ చీరలో ఆడవాళ్ల వైపు రెండో బెంచీలో ఉంది. తరువాతి కీర్తన కూడా అందరితో కలిసి పాడింది. ఆ తరువాతే ఇంటికి వచ్చింది.

మూడేళ్లు గడిచాక, సీరియల్ మొదలైన కొత్తలో, ఒక వారం జాబితాలోది ఏదీ కుదరక, కథ ఎబినేజర్‌నే చూసుకోమన్నారు. ఏదీ దొరకలేదు. ఆ బెంచీని తీసుకెళ్లి ఫంక్షన్ హాల్లో వేశాడు. పెళ్లికొడుకు లేస్తాడు. అభ్యంతరం చెప్పడానికే లేచాడనుకుని హాలంతా తలకిందులవుతుంది. చివరికి తేలేదేమిటంటే అతని కాలు తిమ్మిరెక్కింది. అందరూ నవ్వుతారు. తాళి కడతాడు. ఆ వారం 'మూడో పోర్షన్' రేటింగ్ అంతకుముందెప్పుడూ లేనంత పైకి పోయింది.

మరుసటి ఏడాది రిజిస్ట్రారాఫీసులో లేచాడు, ప్యాంటులో చీమ. ఆ పై ఏడాది కాలనీ మీటింగ్‌లో, కుర్చీ కింద ఫోన్ పడిపోయి. తరువాత బడి వార్షికోత్సవంలో, వేరే ఎవరినో పిలిస్తే తననే అనుకుని. ప్రతిసారీ కూర్చున్నాడు. ప్రతిసారీ పెళ్లయింది.

ఊళ్లో అందరికీ అది ఎవరి కథో తెలుసు. రాందాస్ చౌరస్తా దగ్గర కిరాణం మల్లేశ్ ఒకసారి ఉప్పు ప్యాకెట్ అందిస్తూ, "ఏం టీచరమ్మా, మీ పెండ్లికొడుకు మళ్ల లేసిండట గద టీవీల," అన్నాడు. ఫేబ నవ్వి, చిల్లర తీసుకుని వచ్చేసింది. ఇంట్లో ఒక్క మాట అనలేదు. ఎబినేజర్‌కు ఈ సంగతి ఫేబతో పాటు బడిలో చెప్పే లిల్లీ ద్వారా తెలిసింది.

ఇప్పుడు ఫేబకు ముప్పై ఎనిమిది. తూప్రాన్‌లో మోటార్లు వైండింగ్ చేసే యోసేపు, భార్య పోయిన నాలుగేళ్లకు, లిల్లీతో అడిగించాడు. ఫేబ ఆరు నెలలు ఆలోచించి ఒప్పుకుంది. రెండు ఆదివారాలు పేర్లు చదివారు. మూడోది ఈ ఆదివారం. దానికి ముందురోజు సాయంత్రం టీవీలో పెళ్లికొడుకు లేవబోతున్నాడు.

ఫేబ టిఫిన్ డబ్బా సర్దుకుంటూ తమ్ముడి ముఖం చూసింది. దగ్గరకొచ్చి ఫోన్ చూసింది. కాసేపు చున్నీ సరిచేసుకుంది.

"ఆదివారం దాంక అది రాకుంటె సాలు తమ్మీ," అంది. "తర్వాత రోజూ వేసుకో. నేను సుత నవ్వుత."

"నేను మాట్లాడ్త అక్కా."

"శనివారం అందరు చూస్తరు. ఆదివారం అయ్యగారు అడగంగనె అందరి తలకాయలు యోసేపు దిక్కు తిరుగుతయి, లేస్తడా అని. అండ్ల నేను కూసోలేను. అది వచ్చిందంటె నేను చర్చికి రాను. ఆయన్ని వాపస్ పొమ్మంట."

బెదిరింపులా అనలేదు. పిల్లలకు రేపు ఏ పుస్తకం తేవాలో చెప్పినట్టు చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. లోపల బియ్యం ఏరుతున్న తల్లి జ్ఞానమ్మ అంతా విని, చేట పక్కన పెట్టింది. మళ్లీ ఎత్తుకుంది.

ఎబినేజర్ వెంటనే ఫోన్ చేశాడు. స్నేహలత ఆ సీరియల్ కథల విభాగానికి పెద్ద. కఠినమైన మనిషి కాదు, తీరిక లేని మనిషి. కథ మార్చాలంటే కారణం అడిగింది. ఇంట్లో పెళ్లి ఉందన్నాడు. శుభాకాంక్షలు చెప్పింది. ఫంక్షన్ హాలు సెట్ వేసేశారు, శుక్రవారం షూటింగ్, మళ్లీ ఆ నటులంతా ఒకేచోట దొరకాలంటే నెల పడుతుంది అంది.

ఇన్ని కథలుండగా ఎప్పుడూ అవే ఎందుకని అతను ఐదేళ్లలో మొదటిసారి అడిగాడు.

"జనం టీవీ ముందు కుదురుగా కూర్చోరండీ ఎబినేజర్ గారూ," అంది స్నేహలత. "ఒకరు చపాతీ ఒత్తుతుంటారు, ఒకరు పిల్లాడికి అన్నం పెడుతుంటారు. తల తిప్పి చూసిన క్షణంలో కథ ఎక్కడుందో తెలియాలి. తెలియాలంటే అది ముందే తెలిసిన కథై ఉండాలి. పైగా వాళ్లకు ఏం జరుగుతుందోనన్న భయం అక్కర్లేదు. అది పగలంతా ఉంటుంది కదా. చివరికి అంతా సర్దుకుంటుందని తెలిసి చూడాలి."

అతను బతిమాలాడు. చివరికి ఒక దారి ఇచ్చింది. అదే సెట్, అవే పాత్రలు, వేరే కథ. గురువారం సాయంత్రం ఐదు లోపల స్క్రిప్టు చేతికి రావాలి. నవ్వు రావాలి. రాకపోతే పాతదే తీస్తారు.

ముప్పై మూడు గంటలు.

ఎబినేజర్ చేయి తిరిగినవాడు. ముప్పై మూడు గంటల్లో మూడు స్క్రిప్టులు రాయగలడు. మూడూ రాశాడు. మొదటిదాంట్లో ఫంక్షన్ హాల్లో వంటవాళ్లు అలిగారు. తొమ్మిదో పేజీలో ఇంటి ఓనరు అందరి మధ్యలోంచి లేచి నిలబడ్డాడు. చింపేశాడు. రెండోదాంట్లో పెళ్లి నగలు కనిపించలేదు. పదకొండో పేజీలో పెళ్లికూతురి మేనమామ లేచాడు. మూడోదాంట్లో ఎవరూ లేవకూడదని ముందే కాగితం మీద రాసుకుని మొదలుపెట్టాడు. ఎవరూ లేవలేదు. భోజనాలు వడ్డించారు, తిన్నారు, వెళ్లిపోయారు. గురువారం మధ్యాహ్నం దాన్నే పంపాడు.

అరగంటలో స్నేహలత ఫోన్ చేసింది. ఇందులో నవ్వు ఎక్కడుందని అడిగింది.

"ఒకటి చెప్పనా," అంది. "మీవి నాలుగు వెర్షన్లూ ఇవాళ మళ్లీ చదివాను. నాలుగు కారణాలు రాశారు. తిమ్మిరి, చీమ, ఫోను, పేరు. అతను ముందురోజు ఎక్కడున్నాడో ఒక్కసారి కూడా రాయలేదు. పెళ్లికొడుకు కదా, రాత్రికి రాత్రి ఊడిపడడు కదా. ముందురోజు సీను రాయండి. అది రాస్తే మొత్తం కథే వేరవుతుంది, లేచే సీను అక్కర్లేదు కూడా. ఐదింటికి కాకపోతే ఆరింటికి పంపండి."

ఫోన్ పెట్టేశాక ఎబినేజర్ లేచి గది తలుపు దగ్గరగా వేశాడు.

ముందురోజు గాబ్రియేలు ఎక్కడున్నాడో ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. బస్ డిపో ఎదురుగా ఉన్న హోటల్లో, చివరి బల్ల దగ్గర. ఎదురుగా కూర్చున్నది ఎబినేజర్.

జహీరాబాద్‌లో ఒక అమ్మాయి ఉందనీ, ఇంట్లో చెప్పినా వినలేదనీ, రెండు ఆదివారాలు నోరు పెగల్లేదనీ గాబ్రియేలు చెప్పాడు. ఏడ్చాడు. ఫేబకు ముఖం చూపించలేనని, ఈ సాయంత్రమే ఆమెకు చెప్పమని ఎబినేజర్‌ను అడిగాడు. ఆమె అయ్యగారికి ఒక్క మాట చెబితే పొద్దున పేర్లు చదవరు. ఎవరూ ఎవరినీ చూడాల్సిన పని ఉండదు.

ఎబినేజర్ చెప్తానన్నాడు. మాటిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఫేబ గడప దగ్గర కూర్చుని ఆకుపచ్చ చీరకు ఫాల్ కుడుతోంది. దారం పళ్లతో తెంపుతూ తలెత్తి నవ్వింది. అతను నీళ్లడిగాడు. తాగాడు. మళ్లీ నీళ్లడిగాడు. పెళ్లికి ముందు ఇలాంటి బెదురు ఎవరికైనా ఉంటుంది, మూడోసారి కూడా పేర్లు చదివేస్తే ఇక ఎవడూ వెనక్కి పోడు, వాడూ సర్దుకుంటాడు అనుకున్నాడు. వాళ్ల చర్చిలో మూడో ఆదివారం దాటిన పెళ్లి ఆగడం అతను పుట్టాక ఎరగడు. ఒక్క పూట నోరు మూసుకుంటే చాలు.

మర్నాడు పొద్దున గాబ్రియేలు చర్చికి వచ్చింది ప్రకటన లేకపోవడం చూసి పోదామని. అయ్యగారు పేర్లు చదవడం మొదలుపెట్టారు. అతనికి లేవడం తప్ప దారి లేకపోయింది.

ఆ తరువాత ఎబినేజర్ ఆ మనిషిని నాలుగుసార్లు లేపాడు, నాలుగుసార్లు కూర్చోబెట్టాడు.

ముందురోజు సీను రాయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఒక్క కొట్టివేత లేదు. హోటలు, చివరి బల్ల, ఏడుస్తున్న పెళ్లికొడుకు, ఎదురుగా పెళ్లికూతురి తమ్ముడు. ఇంటి గడప, చీర, ఫాలు, దారం. ఒక్కటే మార్చాడు. స్క్రిప్టులో తమ్ముడు చెప్పేస్తాడు. పెళ్లికూతురు కాసేపు ఏడ్చి, లేచి ముఖం కడుక్కుని, మూడు పోర్షన్ల వాళ్లనూ పిలిచి, ఇచ్చేసిన అడ్వాన్సు దండగ కాకుండా ఫంక్షన్ హాల్లో అందరికీ విందు పెడుతుంది. అక్కడి నుంచి నవ్వులే. ఎవరూ లేవరు.

స్నేహలత ఏడింటికి ఒక్క మాట పంపింది. బాగుంది, తీస్తున్నాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర కథ మారిందని ఎబినేజర్ చెప్పాడు. ఫేబ కళ్లు మూసుకుని తెరిచింది. పచ్చడి అతని కంచంలో తనే వేసింది. కొత్త కథ ఏమిటని అడిగింది. పెళ్లి ఆగిపోయిన ఒక పిల్ల అందరికీ భోజనం పెడుతుందన్నాడు. ఆమె నవ్వింది.

"పాపం, కూరలన్నీ ఆమెనే తరుగుతదా ఏంది?"

అప్పుడు చెప్పాల్సింది. శుక్రవారం చెప్పాల్సింది. శుక్రవారం ఫేబ బడికి సెలవు పెట్టి లిల్లీతో రవికలు కుట్టించుకోవడానికి పోయింది. శనివారం పొద్దున జ్ఞానమ్మతో కలిసి ఇల్లు కడిగింది. ఎబినేజర్ రెండుసార్లు ఆమె వెనకే వెళ్లి నిలబడ్డాడు. రెండోసారి, పక్కకు జరుగు, కాళ్లు తడుస్తాయి అంది. ఆదివారం దాటాక చెప్తాను, పేర్లు చదివేశాక చెప్తాను అనుకున్నాడు. టీవీ చూసినా అది కథే కదా, నలభైలో ఇంకొకటి, ఆమెకు ఎలా తెలుస్తుంది అనుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి యోసేపు తూప్రాన్ నుంచి బండి మీద వచ్చాడు. కిలో మటన్ తెచ్చాడు. చేతులకు మోటారు వార్నిష్ మరకలు పోలేదని సిగ్గుపడుతూ జేబుల్లో దాచుకున్నాడు. జ్ఞానమ్మ చూసి, దాచుకుంటె కూర ఎట్ల తింటవయ్యా అంది. ఫేబ నవ్వుతూ సబ్బు తెచ్చిచ్చింది.

ఏడింటికి టీవీ పెట్టింది ఫేబే. తమ్ముడు తన కోసం రాసింది చూడాలంది.

హోటలు వచ్చింది. చివరి బల్ల వచ్చింది. మంచి నటుడే అన్నాడు యోసేపు. పెళ్లికొడుకు ఏడ్చాడు. తమ్ముడు, చెప్తానన్నాడు. గడప వచ్చింది. పెళ్లికూతురు ఫాలు కుడుతోంది. చీర ఎర్రది, సెట్‌లో ఆకుపచ్చది దొరకలేదేమో. తమ్ముడు గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగాడు. తాగాడు. గ్లాసు ఇచ్చి, మళ్లీ నీళ్లు అడిగాడు.

ఫేబ రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించింది. బొమ్మలు కదులుతున్నాయి.

"ఆ రోజు నువ్వు రెండుసార్లు నీళ్లడిగినవ్," అంది.

ఎబినేజర్ రిమోట్ అందుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఎండల తిరిగొచ్చినవేమో అనుకున్న. రెండోసారి బిందెల నీళ్లు అయిపోతె పక్కింటికి పోయి తెచ్చిన." ఆమె టీవీ వైపే చూస్తోంది. "గాబ్రియేలు నీకు ముందుగాల చెప్పిండా?"

"అక్కా..."

"చెప్పిండా లేదా?"

"చెప్పిండు. నీకు చెప్పుమన్నడు. నేను... సర్దుకుంటది అనుకున్న."

జ్ఞానమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది. యోసేపు తల దించుకున్నాడు. ఫేబ గొంతు పెంచలేదు.

"ఎనిమిదేండ్లు తమ్మీ. ఆ పొద్దున నేనేం చేసిన్నో అని ఎతుకుతున్న. చర్చిల అడుగు పెట్టంగ ఆయన దిక్కు చూసి నవ్విన. నవ్వద్దుండెనా అనుకున్న. చీర రంగు మంచిగ లేదా అనుకున్న. ఆ చీర కాలవెట్టిన. నన్ను చూసినంక మనసు ఇరిగింది, నన్ను చూసినంకనే లేసిండు అనుకున్న. యోసేపు అడిగిస్తె ఆరు నెలలు ఎందుకు ఆగిన్నో తెలుసా? ఈయన సుత నన్ను దగ్గర నుంచి చూసి లేస్తడేమోనని."

"చెప్దామనుకున్న అక్కా. చానసార్లు."

"నాలుగుసార్లు ఊరంతకు చెప్పినవ్. నాకే చెప్పలె."

టీవీలో విందు మొదలైంది. సౌండ్ లేకపోయినా అందరూ నవ్వుతున్నారని తెలుస్తోంది. ఫేబ లేచి స్విచ్ ఆపేసింది.

యోసేపు కూడా లేచాడు. తాను ఉండాలో పోవాలో తెలియని మనిషిలా తలుపు దాకా వెళ్లి ఆగాడు. మరకల చేతులు ఇప్పుడు జేబుల్లో లేవు.

"రేపు తొమ్మిదింటికే వస్త టీచరమ్మా," అన్నాడు. "రమ్మంటె. అయ్యగారు ఎన్నిసార్లన్న అడగనీ, నేనైతె కూసునే ఉంట."

ఫేబ తలూపింది. అతను వెళ్లాక తమ్ముడి వైపు తిరిగింది.

"రేపు నువ్వు రావద్దు. నువ్వు నా ఎనకాల కూసుంటె నేను ఆయన్ని చూడను, నిన్నే చూస్తుంట, ఇంక ఏం దాచినవోనని."

లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. మటన్ ఎవరూ తినలేదు.

ఆదివారం పొద్దున తల్లీ కూతురూ అతనికంటే ముందే లేచి, అతనితో మాట్లాడకుండా వెళ్లిపోయారు. చర్చి వీధి మలుపులోనే. పాట మొదలైతే ఇంట్లోకి వినిపిస్తుంది. ఎబినేజర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. మొదటి పాట అయింది. రెండో పాట అయింది. దాని తరువాత ప్రకటనలు. అక్కడ ఏం జరుగుతోందో ఏ శబ్దం లేదు. లెక్కపెట్టాడు. అరవై, డెబ్బై, ఎనభై. ఎనభై ఆరు దగ్గర మూడో పాట అందుకున్నారు.

పదకొండున్నరకు జ్ఞానమ్మ ఒక్కతే వచ్చింది. ఇంటి ముందు ఆటో ఆగి ఉంది.

"చదివిండ్రా అమ్మా?"

"చదివిండ్రు."

"ఎవరన్న..."

"ఎవ్వరు లెవ్వలె. యోసేపు బెంచీని రెండు చేతుల పట్టుకొని కూసున్నడు, ఎవరో గుంజుకపోతున్నట్టు." చెబుతుంటే ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చి అక్కడే ఆగిపోయింది. "పెండ్లి దాంక లిల్లీ ఇంట్ల ఉంటదట."

నాన్న లేడు కాబట్టి పెళ్లిలో ఫేబ చేయి పట్టుకుని నడిపించి, యోసేపుకు అప్పగించాల్సింది ఎబినేజర్. దాని కోసం కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఎవరు అప్పగిస్తారని అడగడానికి అతనికి నోరు రాలేదు. జ్ఞానమ్మే చెప్పింది, నన్నే ఇయ్యమన్నది అని.

ఆమె బీరువా తీసింది. పెళ్లి చీర, కొత్త రవికలు, బడి సర్టిఫికెట్ల ఫైలు, దువ్వెన, బైబిలు. ఒక్కొక్కటీ పెద్ద సంచిలో సర్దింది. మోకాళ్ల నొప్పితో వంగినప్పుడల్లా మంచం పట్టీ పట్టుకుంది. జిప్పు వేసి, ఎత్తబోయి ఆగింది. బరువుగా ఉంది. ఎబినేజర్ గబగబా వచ్చి సంచి పట్టుకున్నాడు.

"పెట్టు బిడ్డా," అంది జ్ఞానమ్మ. "నువ్వు ముట్టొద్దన్నది."

అతను కింద పెట్టాడు. ఆమె రెండు చేతులతో సంచిని ఈడ్చింది. గడప దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఎత్తి ఒక మెట్టు దించింది. మళ్లీ ఆగింది. మూడు మెట్లు. ఎబినేజర్ చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. ఆటోవాడు దిగివచ్చి సంచి అందుకున్నాడు.